ఉత్తర్వులను మడతపెట్టరాదు

మా నీటిపారుదల డివిజనులో పనులు ఎందుకు జరగడం లేదో పాతికేళ్ళుగా ఎవరికీ అంతుపట్టలేదు. ఆ ఏడు మార్చిలో మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు చిదంబరరావు గారు కనిపెట్టారు. డైరీలు బాగాలేవట.

ఆయన బెంగళూరులో అయిదు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. మోకాళ్ళ నొప్పులు, షుగరు, ఇంకో మూడేళ్ళ సర్వీసు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం చంకలో ఒక పుస్తకం ఉంది. దాన్ని పుస్తకం అంటే ఆయనకు ఒళ్ళు మండేది. ప్లానర్ అనాలి.

దానికి కుట్టు లేదు, జిగురు లేదు, తీగ చుట్టలు లేవు. వెన్ను పొడుగునా పదకొండు నల్లని ప్లాస్టిక్ బిళ్ళలు వరసగా ఉన్నాయి. కాగితాల అంచున పుట్టగొడుగు ఆకారంలో చిల్లులున్నాయి. కాగితాన్ని బిళ్ళల మీద నొక్కితే కూర్చుంటుంది, పీకితే చినగకుండా వచ్చేస్తుంది. అంతే దాని మహత్యం. ఆ మహత్యం చెప్పడానికి మీటింగు పెట్టి మా అందరినీ పిలిచారు.

"ఏ పేజీ అయినా ఎక్కణ్ణించైనా తియ్యొచ్చు, ఎక్కడైనా పెట్టొచ్చు. చూడండి, సోమవారాన్ని పట్టుకెళ్ళి గురువారం తర్వాత పెడుతున్నాను" అన్నారు చిదంబరరావు గారు, పెడుతూ.

మేము చప్పట్లు కొట్టాం. సోమవారం గురువారం తర్వాత రావడం మా ఆఫీసులో కొత్తేమీ కాదు. కానీ అది ఒక పద్ధతి అని అంతవరకూ మాకెవరికీ తెలియదు.

"ఫ్లెక్సిబిలిటీ సార్! మన డిపార్టుమెంటుకి లేందదే" అన్నాడు డిప్యూటీ ఇంజనీరు ముక్తేశ్వరరావు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. ప్రమోషను జాబితా ఆ నెలలోనే తయారవుతోంది.

ఆ సాయంత్రానికి సర్క్యులర్ వెళ్ళిపోయింది. రాసింది నేనే. నేను ఆ ఆఫీసు సూపరింటెండెంటుని, డ్రాఫ్టింగులో నాకు పేరుంది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, నేటినుండి ఇన్‌వర్డ్ రిజిస్టరు రద్దు చేయనైనది. ఇకపై ప్లానరునందు నమోదు కాని పని, పనిగా పరిగణింపబడదు." చివరి వాక్యం రాసినప్పుడు నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఇప్పుడు దాచడమెందుకు!

మర్నాడు, మార్చి ఇరవై ఆరున, బొండాలపాలెం తూము లస్కరు ఏసుపాదం వచ్చాడు. లస్కరంటే కాలువ కాపలాదారు. తూము షట్టర్లు ఎత్తడం, దించడం, పూటపూటకీ నీటిమట్టం రిజిస్టర్లో రాయడం అతని పని. ముప్ఫై నాలుగేళ్ళుగా అదే తూము, అదే పని. ఆరు నెలల్లో రిటైరవుతాడు.

"మూడో షట్టరు దిగట్లేదండి బాబుగారూ. స్క్రూరాడ్డు వంగిపోయిందండి. జానెడు మీద మూడు వేళ్ళ సందు ఉండిపోతందండి" అన్నాడు, చెయ్యి చాపి కొలిచి చూపిస్తూ.

"ఇప్పుడేం ములిగిపోయింది?" అన్నాను.

"ఇప్పుడు కాదండి. జూన్లో నీళ్ళొదిలాక ములుగుతామండి. పెద్దకాలవ నిండితే ఆ సందులోంచి నీళ్ళన్నీ మా పిల్లకాలవలోకొచ్చి పడతాయండి. గట్టు ఆగదండి. గట్టు కిందే మా పేటండి. అరవై కొంపలండి."

అతను చెప్పింది నాకు కొత్త కాదు. మా ప్రాంతంలో ఏప్రిల్ మధ్యలో కాలువలు కట్టేస్తారు, జూన్ ఒకటిన వదులుతారు. తూములకు మరమ్మతు చేస్తే ఆ నెలన్నరలోనే చెయ్యాలి. నీళ్ళొచ్చాక చెయ్యి పెట్టడానికుండదు. కొత్త రాడ్డు స్టోర్సులో మూలన పడి ఉంది. బిగించడం ఇద్దరు మనుషులకు రెండు రోజుల పని.

ఈ.ఈ. చిదంబరరావు గారు అలవాటు చేసుకొమ్మని మాకు తలా పది నమూనా కాగితాలు ఇచ్చి ఉన్నారు. ఏసుపాదం ఎదురుగానే ఒక కాగితం తీసి, తేదీ వేసి, అతని అర్జీ సంగతి రాశాను. అతను చదువుకుని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ కాగితం పట్టుకుని నేను ఈ.ఈ. గారి గదిలోకి వెళ్ళాను.

"చేయిద్దాం. తప్పకుండా చేయిద్దాం" అన్నారాయన. "కానీ దీన్ని ఎందులో నమోదు చేస్తారు? ప్లానర్లు ఇంకా రాలేదుగా. అవి రావాలంటే సైజు తేలాలి. ముందు సైజు, తర్వాత షట్టరు. ప్రయారిటైజేషన్ అంటే ఇదేనండీ."

సైజు తేల్చడానికి ముక్తేశ్వరరావు అధ్యక్షతన కమిటీ వేశారు. ప్లానర్లు మూడు సైజుల్లో దొరుకుతాయి. జేబు సైజు, చేతి సైజు, బల్ల సైజు. ఏ మనిషైనా దుకాణానికి వెళ్ళి, మూడూ తిరగేసి, ఒకటి కొనుక్కుని, దారిలో కాఫీ తాగి ఇంటికి పోతాడు. కమిటీకి ఏప్రిల్ నెలంతా పట్టింది.

క్షేత్ర పరీక్షలు జరిగాయి. ఏడుగురు సెక్షన్ ఆఫీసర్ల చొక్కా జేబుల్లో జేబు సైజు పెట్టి కాలువ గట్టున రెండు కిలోమీటర్లు నడిపించారు. దారిలో తలా ఇరవైసార్లు వంగమన్నారు. ఎన్నిసార్లు జారిపడిందో ఒక గుమాస్తా వెనకాల నడుస్తూ రాసుకున్నాడు. చేతి సైజును చంకలో పెట్టుకుని మోటారు సైకిలు నడపడం, బల్ల సైజును జీపులో ఒళ్ళో పెట్టుకుని గతుకుల మీద సంతకం చెయ్యడం, చెమట పట్టిన చేత్తో పేజీ తిప్పడం, ఇలా పద్దెనిమిది రకాల పరీక్షలు పెట్టారు. వాళ్ళు నడిచిన గట్టు బొండాలపాలెం గట్టే. తూము మీదుగానే రెండుసార్లు వెళ్ళి వచ్చారు. ఏసుపాదం వాళ్ళకు మజ్జిగ ఇచ్చాడు, వంగిన రాడ్డు చూపించాడు. "అది మా టర్మ్స్ ఆఫ్ రిఫరెన్సులో లేదయ్యా" అన్నాడు ముక్తేశ్వరరావు, మజ్జిగ తాగి.

నివేదిక అరవై నాలుగు పేజీలు. టైపు చేసింది మా హైమావతమ్మ. అందులో కమిటీ కనిపెట్టిన సత్యం ఒకటుంది: "పేజీ వైశాల్యమునకును పెండింగు పనుల సంఖ్యకును ప్రత్యక్ష సంబంధము గలదు. బల్ల సైజు పేజీలో ఇరవై నాలుగు పెండింగు పనులు పట్టుచుండగా, జేబు సైజు పేజీలో నాలుగు మాత్రమే పట్టుచున్నవి. కనుక క్షేత్రస్థాయిలో జేబు సైజు ప్రవేశపెట్టిన యెడల పెండింగు పనులు ఆరవ వంతుకు తగ్గిపోవును."

ఇది చదివి ఈ.ఈ. గారు లేచి ముక్తేశ్వరరావు చెయ్యి పట్టుకుని ఊపారు.

హైమావతమ్మ కాగితాలు సర్దుతూ, "ప్లానర్ల పొడుగూ వెడల్పూ ముప్ఫై ఆరుసార్లు కొలిచారు కదా సార్, ఆ తూము రాడ్డు ఎంతవరకు వంగిందో ఎవరైనా కొలిచారా?" అంది.

"అమ్మా, మీరు కంటెంట్ లెవెల్లో ఆలోచిస్తున్నారు" అన్నారు చిదంబరరావు గారు, జాలిగా. "మేము ఫార్మాట్ లెవెల్లో ఉన్నాం."

పంపకం హోదాను బట్టి జరిగింది. ఈ.ఈ. గారికి బల్ల సైజు. డిప్యూటీ ఇంజనీర్లకు, నాకు చేతి సైజు. సెక్షన్ ఆఫీసర్లకు జేబు సైజు. లస్కర్లు నాలుగో తరగతి ఉద్యోగులు కాబట్టి వాళ్ళకు ప్లానరుకు అర్హత లేదు, పాత కుట్టు రిజిస్టర్లే గతి. మే నెల రెండో వారంలో పెట్టెలు వచ్చాయి. పూజ చేసి, కొబ్బరికాయ కొట్టి, బిళ్ళలకు బొట్లు పెట్టి పంచాం. ఏసుపాదం అర్జీ రాసిన మార్చి ఇరవై ఆరు నాటి నమూనా కాగితాన్ని నా దాంట్లో మొదటి పేజీగా నొక్కుకున్నాను.

ఇక పని మొదలవుతుందనుకున్నాను. బొండాలపాలెం సెక్షన్ ఆఫీసరు జేబు సైజు కాగితం మీద షట్టరు సంగతి రాసి ముక్తేశ్వరరావుకు ఇచ్చాడు. చిన్న కాగితం చేతి సైజు బిళ్ళలకు చక్కగా పట్టింది. అక్కణ్ణించి పీకి ఈ.ఈ. గారి బల్ల సైజులో పెడితే అక్కడా పట్టింది. ఆయన తన బల్ల సైజు పేజీ మీద, తన హోదాకు తగిన పెద్ద అక్షరాలతో, "బొండాలపాలెం తూము మూడవ షట్టరు స్క్రూరాడ్డు తక్షణమే మార్చుడు" అని రాసి, కింద సంతకం చేసి, ఆ పేజీ పీకి కిందికి పంపారు.

అక్కడ వచ్చింది చిక్కు. చిన్న కాగితం పెద్ద ప్లానర్లో ఇముడుతుంది. పెద్ద కాగితం చిన్నదానిలో ఇమడదు. అర్జీలు పైకి వెళ్ళగలవు గానీ ఉత్తర్వులు కిందికి దిగలేవు. అరవై నాలుగు పేజీల నివేదికలో ఈ ఒక్క ముక్క రాయడం కమిటీ మరిచిపోయింది. సెక్షన్ ఆఫీసరు ఆ ఉత్తర్వును తన జేబు ప్లానరుకు తగిలించి చూశాడు. ప్లానరు కంటే ఉత్తర్వు జానెడు బయటికి వచ్చి గాలికి రెపరెపలాడింది.

"మడతపెట్టుకోనాండి?" అని ఫోను చేశాడు.

ముక్తేశ్వరరావు సర్క్యులర్ తిరగేశాడు. ఉత్తర్వులను మడతపెట్టరాదని అందులో తొమ్మిదో నిబంధన. అది కూడా నేను రాసిందే. "చిన్న కాగితం మీద మళ్ళీ రాయించండి" అన్నాను నేను. "ఈ.ఈ. గారు జేబు సైజు మీద రాయడమా?" అని ముక్తేశ్వరరావు నా వంక ఎలా చూశాడంటే, ఆయన్ని గోచీ పెట్టుకుని ఆఫీసుకు రమ్మన్నట్టు. కాపీ చేసి ఇద్దామంటే కాపీలో సంతకం ఒరిజినల్ కాదు.

చివరికి ఉత్తర్వునే సైజుకు కత్తిరించాలని తీర్మానించారు. కాగితాలు కోసే యంత్రంలో పెట్టి, జేబు సైజుకు సరిగ్గా కోసి, కొత్త చిల్లులు కొట్టి పంపారు. మిగిలిన ముక్క చెత్తబుట్టలో పడింది. ఈ.ఈ. గారి సంతకం ఆ ముక్కమీదే ఉంది. సెక్షన్ ఆఫీసరు చేతికి అందిన ఉత్తర్వులో "బొండాలపాలెం తూము మూడవ" అని మాత్రమే ఉంది.

"మూడవది ఏం చెయ్యాలండి?" అని మళ్ళీ ఫోను చేశాడు. పాపం వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగాడు.

దానిమీద స్పష్టత కోరుతూ అతను జేబు సైజు కాగితం పైకి పంపాడు. అది ఇమిడింది. స్పష్టత బల్ల సైజు మీద వచ్చింది. అది ఇమడలేదు. ఇలా మే ఇరవై ఏడు దాకా నడిచింది.

మే ఇరవై ఎనిమిదిన పేటవాళ్ళు ఆగలేకపోయారు. కమ్మరిని తెచ్చుకుని, తూము మీద కొలిమి పెట్టుకున్నారు. వంగిన రాడ్డునే కాల్చి సాపు చేసుకుంటామన్నారు. ఎవరు కబురు చేశారో గానీ, ముక్తేశ్వరరావు నన్ను జీపులో ఎక్కించుకుని అక్కడికి బయల్దేరాడు.

"ఏసుపాదం! ఇది ప్రభుత్వ ఆస్తి. ఇది ఎవరి ప్లానర్లో ఉంది?" అని దూరంనుంచే కేకేశాడు.

"ఎవరి దాంట్లోనూ లేదనే కదండీ మేం చేసుకుంటన్నాం" అన్నాడు ఏసుపాదం. "నాలుగు రోజుల్లో నీళ్ళొచ్చేత్తన్నాయండి. మీకో దణ్ణం బాబూ, సాయంత్రానికి అయిపోద్దండి."

"నమోదు కాని పని, పని కాదు. పని కానిది చేస్తే దాన్నేమంటారు? విధ్వంసం అంటారు. పోలీసు కేసవుతుంది. నీ రిటైర్మెంటు ముందు ఎందుకయ్యా నీకు?"

ఏసుపాదం నా వంక చూశాడు. ఆ సర్క్యులర్ నాదని అతనికి తెలుసు. నేను చేతి సైజు ప్లానరు తెరిచి ఏదో వెతుకుతున్నట్టు నటించాను. కమ్మరి కొలిమి మీద నీళ్ళు పోసి, సామాను సర్దుకున్నాడు.

జూన్ ఒకటిన పసుపు కుంకుమలతో, పూలతో, మేళతాళాలతో నీళ్ళు వదిలారు. నాలుగో తేదీకి ఏసుపాదం ఇసుక బస్తాలు మోసి షట్టరు సందులో పేర్చాడు. ఏడో తేదీకి అవి కొట్టుకుపోయాయి. ఇంట్లో ఉన్న పరుపు తెచ్చి కుక్కాడట. పదో తేదీ తెల్లవారేసరికి గట్టు నలభై గజాల మేర జారిపోయి, పేట మీద పడింది. మనుషులు బడి మేడ ఎక్కి బతికారు. అరవై ఇళ్ళలో నలభై ఒకటి కూలిపోయాయి. గొడ్లు పోయాయి, నారుమళ్ళు పోయాయి. ఏసుపాదం ఇంటికి వాసాలు కూడా మిగల్లేదు. అంత నీళ్ళలోనూ అతను పట్టుకుని బయటపడింది తూము రిజిస్టరు ఒక్కటే. అది ప్రభుత్వానిదట.

విచారణకు సూపరింటెండింగ్ ఇంజనీరు గారు మర్నాడు పన్నెండింటికి వస్తారని కబురొచ్చింది. ఉదయం తొమ్మిదికే చిదంబరరావు గారు మమ్మల్ని గదిలోకి పిలిచి తలుపు వేయించారు. ఆయన మొహంలో కంగారేమీ లేదు. శిక్షణ పొందిన మనిషి.

"ఈ సిస్టం బ్యూటీ ఏమిటో నేను మొదటి రోజే చెప్పాను" అన్నారు. "రీ-సీక్వెన్సింగ్. షట్టరుకు సంబంధించిన పేజీలన్నీ జూన్ తొమ్మిదికి రావాలి. కొత్త తేదీలతో ఫ్రెష్ షీట్లు రాసుకోండి. పాతవి నాకిచ్చెయ్యండి."

తిలా పాపం తలా పిడికెడు అన్నారు పెద్దలు. మా గదిలో తలా రెండు మూడు పేజీలు. టప్పు టప్పుమని బిళ్ళల మీంచి కాగితాలు ఊడే చప్పుడు పావుగంటసేపు వినిపించింది. సెక్షన్ ఆఫీసరు పీకాడు. ముక్తేశ్వరరావు పీకాడు. నేను మార్చి ఇరవై ఆరు పీకి, జూన్ తొమ్మిది అని కొత్తగా రాసి నొక్కాను. శుభ్రంగా కూర్చుంది. పీకినట్టు ఆనవాలు కూడా లేదు. సిగ్గు లేదా అంటే, ఉంది. దాన్ని నొక్కడానికి మాత్రం బిళ్ళలు అక్కర్లేకపోయింది, ముప్ఫై ఏళ్ళ సర్వీసు సరిపోయింది.

ఎస్.ఈ. గారు వచ్చారు. మా ప్లానర్లు ఒక్కొక్కటే తిరగేశారు. షట్టరు చెడిన సంగతి ప్రమాదానికి ముందురోజే ఆఫీసుకు అందినట్టు, అందిన గంటలోనే ఉత్తర్వు తయారైనట్టు అన్నింట్లోనూ ఒక్క మాటగా ఉంది. "వండర్‌ఫుల్ డాక్యుమెంటేషన్! ఈ బల్ల సైజు ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు, కొట్టు పేరూ చిరునామా రాసుకున్నారు కూడా.

తర్వాత ఏసుపాదాన్ని పిలిచారు. అతను ఎవరిదో చొక్కా తొడుక్కుని ఉన్నాడు. రిజిస్టరు బల్లమీద పెట్టాడు. తడిసి ఉబ్బిపోయింది గానీ అక్షరాలు చెదరలేదు. దారంతో కుట్టి, మీద లక్క సీలు వేసి, పేజీపేజీకీ నంబరు వేసి, మొదటి పేజీలో "ఇందులో రెండు వందల పేజీలు గలవని ధ్రువీకరించడమైనది" అని రాసి ఉన్న పాత పుస్తకం. ఒక్క పేజీ పీకినా రెండోవైపు పేజీ ఊడి వస్తుంది. ఎస్.ఈ. గారు చదివారు. మార్చి ఇరవై ఆరు: మూడో షట్టరు దిగుట లేదు, ఆఫీసులో చెప్పితిని. మార్చి ఇరవై ఏడు: మూడో షట్టరు దిగుట లేదు. కాలువ కట్టేసిన రోజుల్లో కూడా, కాలువ పొడి, మూడో షట్టరు దిగుట లేదు. జూన్ తొమ్మిది వరకూ రోజుకొకటి చొప్పున డెబ్బై ఆరుసార్లు.

మా బండారం బయటపడిందనే అనుకున్నాను. చిదంబరరావు గారు మాత్రం గొంతు సవరించుకున్నారు.

"సార్, దీన్నిబట్టి స్పష్టమవుతున్నది ఏమిటంటే, షట్టరు చెడిందని డిపార్టుమెంటు మొత్తంలో డెబ్బై ఆరు రోజులుగా తెలిసిన వ్యక్తి ఒకే ఒక్కడు."

ఎస్.ఈ. గారు తల పంకించారు. "తెలిసీ నివారించలేదన్నమాట" అన్నారు. "మరి ఆఫీసులో చెప్పానని రాశాడే?"

"ఆ తేదీన ఎవరి ప్లానర్లోనూ లేదు సార్."

ఏసుపాదం ఏదో అనబోయాడు. "నీకు రాతపూర్వకంగా అవకాశం ఇస్తారులే" అన్నాడు ముక్తేశ్వరరావు.

సస్పెన్షన్ ఉత్తర్వు సాయంత్రం నాలుగింటికల్లా తయారైంది. "తెలిసియుండియు విధి నిర్వహణయందు తీవ్ర నిర్లక్ష్యము" అని చక్కగా కుదిరింది. హైమావతమ్మ టైపు చెయ్యనంది, తలనొప్పి అని సెలవు పెట్టి వెళ్ళిపోయింది. నేనే టైపు చేశాను. డ్రాఫ్టింగులో నాకు పేరుందని చెప్పాను కదా.

ఏసుపాదం వరండాలో బల్లమీద కూర్చుని ఉన్నాడు. ఉత్తర్వు ఇచ్చాను. మెల్లగా, పెదాలు కదుపుతూ, చివరిదాకా చదివాడు.

"మీరు నా ఎదురుగానే రాశారు కదండీ బాబూ. మార్చి ఇరవై ఆరున. కాగితం మీద. నేను చదువుకున్నాను కూడానండి."

"ఏ కాగితం?" అన్నాను.

అతను ఉత్తర్వును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. చంకలో ఉన్న రిజిస్టరు తీసి నా చేతిలో పెట్టాడు.

"అప్పజెప్పేత్తన్నానండి. ఇయ్యాల పొద్దుటి మట్టం రాసేనండి, సాయంత్రంది ఎవరన్నా చూసి రాయాలండి. మూడోది ఇంకా దిగలేదండి. పుస్తకం ముట్టినట్టు సంతకం ఎట్టియ్యండి."

ఒక తెల్ల కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాను. అతను దాన్ని చూసుకుని మళ్ళీ నాకే చాపాడు.

"తేదీ కూడా ఎయ్యండి బాబూ" అన్నాడు.

వేశాను. ఆ రోజు మొత్తంలో నేను వేసిన తేదీల్లో నిజమైనది అదొక్కటే.